ఎడ్యుకేషనల్ టెక్నాలజీ – ప్రభుత్వరంగంలో అవకాశాలు

1975 ఆగస్టులో నేను రాయచూరు జిల్లాలో హైస్కూలు చదువుతున్నాను. మా పక్క ఊరి బడిలో టీవీ పెట్టారని విని నడిచి వెళ్లాం. కోళ్ల వల లాంటి తీగతో అల్లిన పది అడుగుల గొడుగు, దాని కింద ఒక పెట్టె. అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఒక్క ఏడాదికి అరువు తెచ్చుకుని, ఆరు రాష్ట్రాలలోని సుమారు 2400 గ్రామాలకు పాఠాలూ వ్యవసాయ విషయాలూ చూపించిన 'సైట్' ప్రయోగం అది. 1976 జూలై 31తో గడువు తీరింది. ఆ ఊళ్లో పెట్టె మూగబోయింది. అటువంటి పనిని ఎడ్యుకేషనల్ టెక్నాలజీ అంటారనీ, అదొక చదువనీ నాకు తెలిసింది మాత్రం చాలా ఏళ్ల తర్వాత, మన ట్రస్టు స్కాలర్‌షిప్పు కోసం వచ్చిన ఒక అమ్మాయి వల్ల.

ఆ అమ్మాయి బి.ఎస్సీ. పాసైంది. ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో రెండేళ్ల ఎడ్యుకేషనల్ టెక్నాలజీ పీజీలో సీటు వచ్చింది. ఫీజు మొత్తం నాలుగు లక్షలు. వాళ్ల నాన్న రైతు. "అన్నా, ఇది చదివితే గవర్నమెంటు పని వస్తుందా రాదా, ఒక్క మాట చెప్పు" అన్నాడు. నేను కామర్సు చదివి బ్యాంకులో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. వెంటనే చెప్పలేకపోయాను. "రెండు వారాలు ఆగు తమ్ముడూ" అని, నోటిఫికేషన్లు తెప్పించి చదివాను. తేలిన సంగతులు మిగతా తల్లిదండ్రులకూ పనికివస్తాయని రాస్తున్నాను.

పని ఎక్కడ ఉంది

పని లేదనడానికి లేదు. ఢిల్లీలో ఎన్.సి.ఇ.ఆర్.టి. కింద సి.ఐ.ఇ.టి. అనే కేంద్ర సంస్థ 1984 నుంచి ఉంది. పాఠశాల పిల్లలకు ఆడియో, వీడియో పాఠాలు తయారుచేయడం, ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడం దాని పని. 2017లో దీక్షా వేదిక వచ్చింది. 2020లో పీఎం ఇ-విద్య కింద తరగతికో టీవీ ఛానల్ చొప్పున 12 ఛానళ్లు అన్నారు, 2022 బడ్జెట్‌లో వాటిని 200 చేస్తామన్నారు. కాలేజీ చదువులకు సి.ఇ.సి. అనే సంస్థ ఉంది. దాని కింద విశ్వవిద్యాలయాలలో మీడియా కేంద్రాలు నడుస్తున్నాయి. మనవాళ్లకు దగ్గరగా మైసూరు, చెన్నై, మదురై, పుణె, హైదరాబాదులలో ఉన్నాయి. 2017లో మొదలైన స్వయం కోర్సులలో కొన్నిటిని ఇటువంటి చోట్ల చిత్రీకరిస్తారు. ఇక ఇగ్నో, మైసూరులోని కర్ణాటక, చెన్నైలోని తమిళనాడు, నాసిక్‌లోని యశ్వంతరావు చవాన్, సంబల్‌పూర్‌లోని ఒడిశా సార్వత్రిక విశ్వవిద్యాలయాలు ఉండనే ఉన్నాయి. ప్రభుత్వోద్యోగుల శిక్షణ కోసం 2022లో కర్మయోగి భారత్ అనే ప్రభుత్వ కంపెనీ కూడా ఏర్పడింది.

ఇన్ని పేర్లు చూసి తండ్రి సంతోషించాడు. నేను తొందరపడవద్దన్నాను. బ్యాంకులో పర్మనెంటు గుమాస్తాకూ, బయట ఏజెన్సీ తరఫున వచ్చి పక్క బల్ల మీద అదే పని చేసేవాడికీ ఉన్న తేడా నేను చూసినవాణ్ణి. ఈ రంగంలోనూ అదే తేడా. వీడియో ఎడిటరు, గ్రాఫిక్ అసిస్టెంటు, ప్రాజెక్టు ఫెలో, కన్సల్టెంటు వంటి పేర్లతో వచ్చే ప్రకటనలలో అధికభాగం కాంట్రాక్టువే. వాక్-ఇన్ ఇంటర్వ్యూ పెడతారు, ఏకమొత్తం జీతం ఇస్తారు, ప్రాజెక్టు ఉన్నంతకాలం ఉంచుతారు. పొడిగిస్తే అదృష్టం. ఇంక్రిమెంటు, పింఛను మాట లేదు. చేయవద్దని నేను అనను, అనుభవపత్రానికి విలువ ఉంది. కానీ దాన్ని గవర్నమెంటు ఉద్యోగం అనుకుని పొలం కుదువ పెట్టకూడదు.

పర్మనెంటు ఉద్యోగానికి తలుపు

పర్మనెంటు కొలువుల్లో ముఖ్యమైనది అసిస్టెంట్ ప్రొఫెసరు. ఏడవ వేతన సంఘం ప్రకారం మొదటి మూలవేతనం 57,700 రూపాయలు. దీనికి సంబంధిత సబ్జెక్టులో 55 శాతం మార్కులతో పీజీ, ఆపైన నెట్ లేక రాష్ట్రం నిర్వహించే సెట్ కావాలి. సెట్ పాసైతే ఆ రాష్ట్రంలోని కాలేజీలకే చెల్లుతుంది, నెట్ దేశమంతటా చెల్లుతుంది. నెట్‌లో ఎడ్యుకేషనల్ టెక్నాలజీ అని వేరే సబ్జెక్టు లేదు. ఎడ్యుకేషన్ అనే సబ్జెక్టులో అది ఒక యూనిట్. అందువల్ల 'సంబంధిత సబ్జెక్టు' అనే రెండు మాటల దగ్గరే మన పిల్లలు చిక్కుకుంటారు. ఎం.ఏ. ఎడ్యుకేషన్ లేక ఎం.ఇడి. చదివి, అందులో టెక్నాలజీని ప్రత్యేకాంశంగా తీసుకుంటే ఈ చిక్కు ఉండదు. డిగ్రీ మీద పేరే ఎడ్యుకేషనల్ టెక్నాలజీ అని ఉంటే, దాన్ని ఎడ్యుకేషన్‌తో సమానంగా ఒప్పుకుంటారా లేదా అన్నది స్క్రూటినీ బల్ల దగ్గర తేలుతుంది. అప్పటికి రెండేళ్లూ ఫీజూ ఖర్చయిపోయి ఉంటాయి.

అందుకే ఆ అమ్మాయిచేత ఆ విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాయించాను. ఈ డిగ్రీతో ఎడ్యుకేషన్ సబ్జెక్టులో నెట్ రాసి, కాలేజీ పోస్టుకు అర్హత పొందవచ్చా అన్నదే ప్రశ్న. "ఈ కోర్సుకు ఉద్యోగావకాశాలు పుష్కలం" అని జవాబు వచ్చింది. అడిగిన ప్రశ్నకు అందులో సమాధానం లేదు. మంచి విభాగాలు లేకపోలేదు. ముంబయిలో ఎస్.ఎన్.డి.టి. మహిళా విశ్వవిద్యాలయంలో ఈ విషయానికే ప్రత్యేక విభాగం ఉంది, ఐఐటి బొంబాయి 2010 నుంచి ఇందులో పిహెచ్.డి. ఇస్తోంది. ఎక్కడ చేరినా ఈ ప్రశ్న అడిగి, జవాబు కాగితం మీద తీసుకోవాలి.

నెట్ గురించి మరొక మాట. మొదటి పేపరు అన్ని సబ్జెక్టులవారికీ ఒకటే: 50 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో బోధనాసామర్థ్యం, కంప్యూటరు-సమాచార సాంకేతికత, స్వయం వంటి ఆన్‌లైన్ విధానాలు ఉంటాయి. ఈ చదువు చదివినవాళ్లకు ఇది ఇంటి పాఠమే. తప్పు జవాబుకు మార్కులు కోయరు కనుక ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. జె.ఆర్.ఎఫ్. వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్పు ఉంది, ఇంటివాళ్ల మీద భారం తగ్గుతుంది.

రెండవ తలుపు జిల్లాలలోని డైట్ సంస్థలు. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత ఏర్పడిన వీటిలో ఎడ్యుకేషనల్ టెక్నాలజీకి ఒక శాఖ ఉంది. ఆ పోస్టులను రాష్ట్ర ప్రభుత్వాలే నింపుతాయి, సాధారణంగా ఎం.ఇడి. అడుగుతారు. బడిపంతులు ఉద్యోగం కావాలనుకుంటే బి.ఇడి., టెట్ తప్పవు. కేంద్రీయ విద్యాలయాల కంప్యూటరు సైన్సు పీజీటీ పోస్టుకు కంప్యూటరు డిగ్రీయే కావాలి, ఇది దానికి బదులు కాదు.

మన కుటుంబాలకు ప్రత్యేకమైనవి

రాష్ట్ర ఉద్యోగాలన్నిటిలో స్థానిక భాష అడుగుతారు. తమిళనాడులో 2021 డిసెంబరు ఉత్తర్వు తర్వాత తమిళం అర్హత పరీక్షలో కనీసం 40 శాతం తెచ్చుకోవాలి. కర్ణాటకలో కన్నడం, ఒడిశాలో ఒడియా, మహారాష్ట్రలో మరాఠీ. ఇంట్లో తెలుగు నిలుపుకోవడం ఎంత ముఖ్యమో బడిలో ఆ భాషను ఒక సబ్జెక్టుగా చదివించడమూ అంతే ముఖ్యం. హోసూరు ప్రాంతంలో తెలుగు మీడియం పిల్లల తల్లిదండ్రులు దీన్ని పదో తరగతి దాటాక గుర్తిస్తున్నారు, అది ఆలస్యం.

రెండవది కులపత్రం. ఓబీసీలకు రాష్ట్ర జాబితా వేరు, కేంద్ర జాబితా వేరు. మీ తాలూకాలో ఇచ్చిన పత్రం రాష్ట్ర ఉద్యోగానికి చెల్లి, కేంద్ర సంస్థలో చెల్లకపోవచ్చు. కేంద్ర జాబితాలో మీ రాష్ట్రం కింద మీ కులం పేరు ఉందా అని ముందే చూడండి, ఉంటే కేంద్ర నమూనాలోనే పత్రం తీసుకోండి. 2017 నుంచి క్రీమీలేయరు హద్దు ఎనిమిది లక్షలు. అందులో జీతం, వ్యవసాయాదాయం కలపరు. ఈ సంగతి తెలియక పొలం లెక్క కూడా వేసుకుని అర్హత లేదనుకున్న రైతులను ఇద్దరిని చూశాను.

ఇక అప్పు సంగతి, ఇది నాకు తెలిసిన విద్య. నాలుగు లక్షల వరకు విద్యారుణానికి బ్యాంకు తాకట్టు అడగదు. కాబట్టి పొలం కాగితాలు బయటికి తీయవలసిన పనే లేదు. కానీ లెక్క చూడండి. పది శాతం వడ్డీ అనుకుందాం. మొత్తం మొదటే తీసుకుంటే రెండేళ్ల చదువు, ఒక ఏడాది విరామం, ఈ మూడేళ్లకు సాధారణ వడ్డీ లక్షా ఇరవై వేలు. అయిదు లక్షల ఇరవై వేలను పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 6,900 కంతు. ఆరు నెలలకోసారి పొడిగించే కాంట్రాక్టు జీతంలోంచి పదేళ్ల కంతు కట్టడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

ఈ లెక్క కాగితం మీద వేసి తండ్రి చేతికిచ్చాను. ఆయన చదవలేదు, కూతురికిచ్చాడు. ఆమె రెండుసార్లు చదివి, "పెదనాయనా, ముందు ఎయిడెడ్ కాలేజీలో బి.ఇడి. చేస్తా, ఆ తర్వాత ఎం.ఏ. ఎడ్యుకేషన్" అంది. కంప్యూటరు పని ఎట్లాగూ తనకు వచ్చు, దాన్ని వదలనంది. సీటు దొరికింది. ట్రస్టు స్కాలర్‌షిప్పు మొదటి ఏడాది ఫీజుకు సరిపోయింది.

పోయిన వారం అయిదు నిమిషాల వీడియో పాఠం పంపింది, భిన్నాల మీద. తెలుగులో ఒకటి, కన్నడంలో ఒకటి, రెండిట్లోనూ గొంతు ఆమెదే. రొట్టెను కోసి చూపించడం బాగుంది. తెలుగు పాఠంలో ఒకచోట హారం అనడానికి బదులు కన్నడంలోలాగా ఛేదం అంది. అది సరిచేసి మళ్లీ పంపమన్నాను.