ఫోన్‌లో నంబరు నొక్కడమంటే వేలిముద్ర వేయడమే

సౌదీ అరేబియాలో పనిచేస్తున్న కార్మిక సోదరులకు సూచన:

ఇఖామా వివరాలకు అబ్షర్, పని ఒప్పందానికి కివా. ఈ రెండింటిలోకి వెళ్ళబోతే మధ్యలో నఫాత్ అనే మూడో పేరు వస్తుంది. ఇదెందుకని చాలామంది అడుగుతుంటారు.

ఊళ్ళో కొత్తవాళ్ళ దగ్గరికి వెళ్తే, మనల్ని ఎరిగిన మనిషి "అవును, ఇతను ఫలానా వారే" అని చెబుతాడు కదా. నఫాత్ పని అదే. మీ పాస్‌వర్డు కివాకు చెప్పనక్కర లేదు. కివాలో మీ ఇఖామా నంబరు కొట్టగానే తెర మీద రెండంకెల సంఖ్య ఒకటి కనబడుతుంది. మీ ఫోన్‌లోని నఫాత్ యాప్ తెరిచి అదే సంఖ్యను ఎంచుకోవాలి. తర్వాత మీ ముఖం చూపించో, రహస్య సంఖ్య కొట్టో ఖాయం చేయాలి. అప్పుడు నఫాత్ "ఇతనే" అని కివాకు చెబుతుంది, తలుపు తెరుచుకుంటుంది.

ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తుంచుకోవాలి. ఆ సంఖ్య కనబడేది తెర ముందు కూర్చున్న మనిషికి. ఎవరైనా ఫోన్ చేసి "మీ ఫోన్‌లో 47 నొక్కండి" అన్నారంటే, ఆ 47 వాళ్ళ కంప్యూటర్ మీద ఉందన్నమాట. మీరు నొక్కితే లోపలికి వెళ్ళేది వాళ్ళు, పేరు మాత్రం మీది. బ్యాంకు నుంచి అన్నా, జవాజాత్ నుంచి అన్నా నొక్కవద్దు. మీరు లాగిన్ మొదలుపెట్టకుండా వచ్చిన విన్నపాన్ని తిరస్కరించండి.

క్యాంపు ఆఫీసులో కూడా ఇదే జాగ్రత్త అవసరం. ఫోర్‌మన్ మంచివాడే కావచ్చు, పని తొందరలో "నొక్కేయ్ తమ్ముడూ, అందరూ నొక్కారు" అనవచ్చు. కానీ కివాలో యజమాని పంపిన ఒప్పందాన్ని ఒప్పుకోవడానికి, తిరస్కరించడానికి, మార్పు కోరడానికి హక్కు కార్మికుడిది. జీతం, హోదా, గడువు ఏమి రాశారో చూడకుండా వేరొకరిని మీ పేరుతో లోపలికి పంపితే, తర్వాత "నేను ఒప్పుకోలేదు" అని రుజువు చేయడం చాలా కష్టం. చదవడం రాకపోతే నమ్మకమైన వారిని పక్కన కూర్చోబెట్టుకోండి, ఫోన్ మాత్రం మీ చేతిలోనే ఉండాలి.

ఇప్పటికే నొక్కేసి ఉంటే సిగ్గుపడి ఊరుకోవద్దు. వెంటనే అబ్షర్ పాస్‌వర్డు మార్చండి. కివాలోకి మీరే వెళ్ళి ఒప్పందం చూడండి. బ్యాంకుకు తెలియజేయండి. మోసం జరిగితే పోలీసు ఫిర్యాదు ఇచ్చి, ఆ కాపీతో ఎంబసీకి రండి.

సెలవుపై ఊరికి వెళ్తూ పాత ఫోన్‌ను రూములో ఎవరికైనా ఇచ్చేవారు ముందుగా అందులోంచి నఫాత్ తీసేయాలి. మీ పేరున ఉన్న సిమ్ కూడా ఇవ్వవద్దు.