గేటు నుంచి గడప దాకా

సొంతిల్లు కట్టుకునేవాళ్ల ఖర్చు ఒక వరుసలో నడుస్తుంది. పునాది, స్లాబులు, గోడలు, కరెంటు, ప్లంబింగు, టైల్స్, వంటగది. ఇవన్నీ అయ్యి, గృహప్రవేశం నెల రోజుల్లో ఉందనగా ఇంటి ముందు భాగం గుర్తొస్తుంది. అప్పటికి చేతిలో డబ్బూ ఉండదు, ఓపికా ఉండదు. మేస్త్రీ ఫోన్‌లో నాలుగు ఫొటోలు చూపిస్తాడు, అందులో ఒకటి ఖాయమైపోతుంది. కొత్త కాలనీల్లో ఇళ్లన్నీ ఒకే పోలికతో కనిపించడానికి పెద్ద కారణం ఇదే. అవే గోధుమరంగు పట్టీలు, అదే సీఎన్‌సీ కటింగ్ గేటు, గేటు పక్కన అవే రెండు పామ్ మొక్కలు.

ప్లాను గీసినవాళ్లకు మెట్ల మీద పరిచే రాయి పట్టదు. గ్రానైట్ షాపువాళ్లకు వాననీళ్లు ఎటు పోతాయో అక్కర్లేదు. గేటు చేసే వెల్డరు మొక్కల సంగతి అడగడు, నర్సరీవాళ్లు భూమిలో సంపు ఎక్కడుందో అడగరు. వీళ్లందరి పనినీ ముందుగానే కలిపి ఆలోచించి, కాగితం మీద పెట్టి, దగ్గరుండి చేయించే మనిషి కావాలి. ఆ మనిషిని ఒకచోట ఎలివేషన్ డిజైనర్ అంటారు, ఇంకోచోట లాండ్‌స్కేప్ డిజైనర్ అంటారు. దీనికంటూ ఒకే డిగ్రీ లేదు. అందుకే ఇంటర్ తర్వాత ఏం చదవాలని అడిగే పిల్లలకు ఈ దారి గురించి ఎవరూ చెప్పరు.

బొమ్మ ఒక్కటే చాలదు

కొన్నేళ్ల క్రితం స్కెచ్‌అప్, లూమియన్ నేర్చుకుంటే చాలు, త్రీడీ ఎలివేషన్లు చేసి బతికేయొచ్చనేవాళ్లు. అప్పట్లో అది నిజమే. ఇప్పుడు ఇంటి యజమానే ఏఐకి నాలుగు మాటలు చెప్పి పది బొమ్మలు తెప్పించుకుని మీ ముందు పెడతాడు. వాటిలో చాలా భాగం మన ఎండకు, మన వానకు, మన ప్లాటు కొలతకు నప్పవు. నప్పవని చెప్పగలిగేవాళ్లకు, నప్పేది ఏదో గీసి చూపగలిగేవాళ్లకు ఇప్పుడు గిరాకీ. సాఫ్ట్‌వేర్లు వద్దనడం లేదు. ఆటోకాడ్ రాకుండా ఏ ఆఫీసులోనూ అడుగు పెట్టలేరు, రెవిట్ వస్తే ఇంకా మంచిది. అయితే మూడు నెలల రెండరింగ్ కోర్సు చేసి 'డిజైనర్' అనిపించుకోవచ్చని ఆశపెట్టే శిక్షణ సంస్థలకు ఫీజు కట్టేముందు, ఆ బొమ్మ వెనక ఏ లెక్కలుంటాయో ఒకసారి చూడండి.

150 చదరపు అడుగులు

హైదరాబాద్‌లో 200 గజాల ప్లాటు అనుకుందాం. వెడల్పు 30 అడుగులు, లోతు 60. పడమర ముఖం, ముందు 30 అడుగుల రోడ్డు. తెలంగాణ భవన నిబంధనల ప్రకారం ఈ ప్లాటుకు ముందు వదలాల్సిన సెట్‌బ్యాక్ మీటరున్నర, అంటే దాదాపు అయిదడుగులు. ముప్పయ్యిని అయిదుతో గుణిస్తే 150 చదరపు అడుగులు. మన ఫ్రంట్ యార్డ్ అంతే. విదేశీ పత్రికల్లో కనిపించే పచ్చిక మైదానాలను ఇక్కడికి తేవాలనుకోవడం వృథా.

కారు లోపలికి పోవడానికి 12 అడుగుల గేటు తీస్తే, పక్కన 18 అడుగుల పొడవు మిగులుతుంది. ఇంట్లో పెద్దవాళ్లున్నారు, చక్రాల కుర్చీ తిరగాలి. ర్యాంపు వాలు 12 అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు మించకూడదు. ప్లింత్ అడుగున్నర ఎత్తుంటే ర్యాంపు 18 అడుగులు పోవాలి. మొక్కలకని దాచుకున్న 18 అడుగులూ దానికే సరిపోతాయి. ర్యాంపు వెడల్పు మూడడుగులు తీసేస్తే ప్రహరీ పక్కన మిగిలేది రెండడుగుల మట్టి పట్టీ. ఈ చిక్కుముడి తప్పించుకోవడానికి చాలామంది చేసే పని ర్యాంపును గేటు బయటికి, రోడ్డు మీదికి జరపడం. అది ఆక్రమణ. పైగా వాన నీటి దారికి అడ్డం.

ఆ రెండడుగుల పట్టీలో చెట్టు పెట్టలేం. కానీ ఇల్లు పడమర ముఖం కదా. మే నెల మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, అప్పుడు రెండడుగుల సజ్జా సరిపోతుంది. సాయంత్రం ఐదింటికి ఎండ వాలిపోయి సజ్జా కిందినుంచి సూటిగా హాల్లోకి వస్తుంది. దాన్ని సజ్జా పొడవు పెంచి ఆపలేం, నిలువుగా అడ్డుకోవాలి. పట్టీలో నాలుగు ఎంఎస్ పైపులు నిలబెట్టి, జాలీ బిగించి, రాధామనోహరం తీగ పాకిస్తే ఎండకు తెర అవుతుంది, రోడ్డు మీదివాళ్ల చూపుకూ అడ్డమవుతుంది. ఎలివేషన్ అందం కూడా దాన్నుంచే వస్తుంది. ఒక్క జాగ్రత్త. ఆ తీగ ముదిరితే బాగా బరువెక్కుతుంది, జాలీ పైపులు దానికి తగ్గట్టు ఉండాలి. ఇక సంపు మూత తెరుచుకోవాలి, ఇంకుడు గుంత ఎక్కడో ఒకచోట ఉండాలి, మీటరు బాక్సు తలుపుకు తీగ అడ్డం రాకూడదు.

పెళ్లి పందిరి వేసేవాళ్లకు ఒక్కరోజు నిలబడితే చాలు, మీరు గీసింది ఇరవై ఏళ్లు నిలబడాలి. ఈ లెక్కంతా చేతితో వేసి, రేట్లతో సహా యజమానికి చెప్పగలిగిన రోజు మీకు పని వెతుక్కోవాల్సిన అవసరం తగ్గుతుంది.

రాయి, రేకు, మట్టి

సామగ్రి కేటలాగుల్లో చూసి నేర్చుకునేది కాదు. మన అదృష్టం ఏమిటంటే గనులు మన దగ్గరే ఉన్నాయి. తాండూరు, బేతంచెర్ల నాపరాళ్లు, కడప నల్లబండ, ఒకప్పుడు బడిపిల్లల పలకలకు వాడిన మార్కాపురం రాయి, నల్లటి ఒంటి మీద మెరుపు చుక్కలుండే చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్. సెలవుల్లో ఒక్క పాలిషింగ్ యూనిట్‌లోనైనా రెండు రోజులు గడపండి. పాలిష్ పెట్టిన గ్రానైట్‌ను ముందు మెట్ల మీద వేస్తే తొలివానకే ఎవరో ఒకరు జారిపడతారు. అదే రాయి ఫ్లేమ్డ్ లేదా లెదర్ ఫినిష్‌లో దొరుకుతుంది, కాలికి పట్టు ఉంటుంది. ఎత్తైన గోడకు బరువైన రాయిని ఉత్త సిమెంటుతో అంటించకూడదు, స్టీలు క్లాంపులు వేయాలి.

గోడలకు బిగించే ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) షీట్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. అల్యూమినియం రేకుల మధ్య పాలిథిలిన్ ఉన్న రకం మండుతుంది. 2017 జూన్‌లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌కు అంటుకున్న మంట ఇలాంటి క్లాడింగ్ మీదుగానే పైకి పాకింది, 72 మంది చనిపోయారు. చవకగా వస్తుందని దాన్ని సిఫారసు చేసే డిజైనర్ తన పనేమిటో తెలియనట్టే.

మొక్కల చదువుకు కడియానికి మించిన బడి లేదు. రాజమహేంద్రవరం పక్కన కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి ఊళ్లలో నర్సరీలు వరసగా ఉంటాయి, దేశం నలుమూలలకూ లారీలు వెళ్తాయి. అక్కడ మొక్క పేరుతో పాటు కవరు సైజు, వేరు ఎంత సాగిందీ, ఎన్ని రోజులు నీడలో ఉంచి ఎండకు అలవాటు చేయాలీ తెలుసుకోవచ్చు. గోదావరి ఒండ్రులో పెరిగిన మొక్క హైదరాబాద్ రాతినేలలో ఊరికే బతకదు. గుంత పెద్దది తీయాలి, ఎర్రమట్టి, పశువుల ఎరువు కలపాలి. ఫైకస్ జాతి చెట్లు ప్రహరీకి ఆనుకుని పెడితే వేళ్లు గోడను పగలగొడతాయి. తొందరగా పచ్చబడుతుందని ఊరూరా పెట్టిన కోనోకార్పస్‌ను 2023లో గుజరాత్ నిషేధించింది. నందివర్ధనం, గన్నేరు, దేవగన్నేరు లాంటివి తక్కువ నీటితో ఎండను ఓర్చుకుంటాయి. యజమానులు 'అవి అందరిళ్లలోనూ ఉన్నాయి' అని పెదవి విరుస్తారు. ఒప్పించడం కూడా ఈ పనిలో భాగమే.

ఏ గ్రూపు వాళ్లు ఎటు

ఎంపీసీ వాళ్లకు రాజమార్గం ఐదేళ్ల బి.ఆర్క్. ఫిజిక్స్, మ్యాథ్స్ తప్పనిసరి. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ నిర్వహించే నాటా, లేదంటే జేఈఈ మెయిన్ పేపర్-2ఏ రాయాలి. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌కు (ఎస్‌పీఏ) జేఈఈ పేపర్, హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ) లాంటి రాష్ట్ర కాలేజీలకు నాటా ఎక్కువగా అక్కరకొస్తాయి. ఆ తర్వాత లాండ్‌స్కేప్‌లో మాస్టర్స్‌కు ఢిల్లీ, విజయవాడ ఎస్‌పీఏలు, అహ్మదాబాద్‌లోని సెప్ట్ యూనివర్సిటీ ఉన్నాయి.

బైపీసీ వాళ్లు ఈ వ్యాసం తమకు కాదనుకోవద్దు. ఈఏపీసెట్‌తో నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ హార్టికల్చర్‌లో చేరొచ్చు. ఆంధ్రలో వెంకట్రామన్నగూడెం కేంద్రంగా డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం, తెలంగాణలో ములుగు కేంద్రంగా కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నాయి (ఇది సిద్దిపేట జిల్లాలోని ములుగు, సమ్మక్క సారలమ్మ జాతర జరిగే ములుగు జిల్లా కాదు). పీజీలో ఫ్లోరికల్చర్, లాండ్‌స్కేపింగ్ తీసుకుంటే ఈ రంగానికి దగ్గరవుతారు. ప్రభుత్వ ఉద్యాన అధికారి పోస్టుల దారి కూడా తెరిచే ఉంటుంది. నా అభిప్రాయంలో ఈ పనికి ఆర్కిటెక్చర్ విద్యార్థి ఎంత పనికొస్తాడో డ్రాయింగ్ నేర్చుకున్న హార్టికల్చర్ విద్యార్థి అంతకంటే ఎక్కువే పనికొస్తాడు. గీయడం ఏడాదిలో పట్టుబడుతుంది, మొక్కను చదవడానికి ఇంకా ఎక్కువ కాలం కావాలి.

పదో తరగతితోనే పనిలోకి దిగాల్సినవాళ్లు పాలిసెట్ రాసి మూడేళ్ల ఆర్కిటెక్చరల్ అసిస్టెంట్‌షిప్ డిప్లొమా చేయొచ్చు, ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేయొచ్చు. రెండేళ్ల ఉద్యాన డిప్లొమా కూడా ఉంది.

బోర్డు మీద ఏం రాయాలి

1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్‌లో నమోదు కానివాళ్లు తమను తాము 'ఆర్కిటెక్ట్' అని చెప్పుకోకూడదు. డిజైన్ పని చేయకూడదని కాదు, ఆ హోదా వాడుకోకూడదని. ఈ తేడాను 2020లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. ఇక్కడో విశేషం ఉంది. అదే చట్టంలోని 37వ సెక్షన్ లాండ్‌స్కేప్ ఆర్కిటెక్టులకు మినహాయింపు ఇచ్చింది, నౌకల డిజైన్ చేసేవాళ్లతో పాటు. అలాగని వారం రోజుల వర్క్‌షాప్ చేసి ఆ బోర్డు తగిలించుకోవడం మర్యాద కాదు. అమెరికా వెళ్లాలనుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది వేరు. అక్కడ లాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుకు రాష్ట్రాల వారీ లైసెన్సు ఉంటుంది, దానికి ఎల్‌ఏఆర్‌ఈ అనే పరీక్ష ఉంది.

పని ఎక్కడ, డబ్బు ఎలా

ఆర్కిటెక్టుల ఆఫీసులు, విల్లా ప్రాజెక్టులు కట్టే బిల్డర్లు, లాండ్‌స్కేప్ కాంట్రాక్టులు తీసుకునే నర్సరీలు, కార్పొరేట్ క్యాంపసులు, రిసార్టులు. ముందు రెండేళ్లు జీతానికి చేయండి. జీతం చిన్నదైనా సైటుకు పంపే ఆఫీసు చూసుకోండి, ఏసీ గదిలో రోజంతా రెండర్లు చేయించే చోట మీరు ఎదగరు. సొంతంగా మొదలుపెట్టాక ఫీజు రకరకాలుగా ఉంటుంది. ఒక్కో ఎలివేషన్‌కు ఇంతని, చదరపు అడుగుకు ఇంతని, మొత్తం పని ఖర్చులో ఇంత శాతమని. చదరపు అడుగు లెక్క పైన చెప్పిన 150 అడుగుల ముంగిళ్లకు అసలు గిట్టదు. అక్కడ ఆలోచన ఎక్కువ, విస్తీర్ణం తక్కువ. అలాంటివాటికి ఏకమొత్తం మాట్లాడుకోవాలి. మూఢం, ఆషాఢం వచ్చాయంటే గృహప్రవేశాలు తగ్గుతాయి కాబట్టి ఆ నెలల ఖర్చులకు ముందే చూసుకోవాలి.

వాస్తు గురించి వాదన పెట్టుకోవద్దు. సింహద్వారం ఎక్కడుండాలో, గేటు ఎటు రావాలో మీరు వెళ్లేసరికే సిద్ధాంతిగారు చెప్పేసి ఉంటారు. ఆ షరతును సెట్‌బ్యాక్ లాంటి ఇంకో కొలతగా తీసుకుని గీయండి.

పోర్ట్‌ఫోలియోలో ఊహా విల్లాలు వద్దు. మీ వీధిలో నాలుగు ఇళ్ల ముంగిళ్లు టేపుతో కొలిచి గీయండి, మేలో సాయంత్రం, ఆగస్టులో వాన వెలిశాక ఫొటోలు తీయండి, ఒక్కో ఇంటికి ఏం మార్చవచ్చో రేట్లతో రాయండి. ఇంటర్వ్యూలో అవతలివాళ్లు ఆ పేజీల దగ్గరే ఆగుతారు.

ఒప్పందం రాసుకునేటప్పుడు డిజైన్ ఫీజు, పని బిల్లు, ఆ తర్వాతి ఆరు నెలల మొక్కల నిర్వహణ, మూడింటినీ విడివిడిగా పెట్టండి. చనిపోయిన మొక్కను ఎవరి ఖర్చుతో మార్చాలో, నీళ్లు ఎవరు పెట్టాలో అందులోనే ఉండాలి. యజమాని కుటుంబం వేసవి సెలవులకు ఊరెళ్లి వచ్చేసరికి ఎండిపోయిన లాన్ మీదే ఈ వృత్తిలో ఎక్కువ తగాదాలు.