ఒక్క రాణితో చీమల పుట్ట

ప్రశ్న: ఉప్పల్‌లో తొలకరి వాన వెలిసిన సాయంత్రం దొరికిన, రెక్కలు రాలిన పెద్ద గండుచీమను సీసాలో ఉంచితే పుట్ట ఏర్పడుతుందా? (నాచారం పాఠకుడు)

జవాబు: అది జతకట్టిన రాణి అయితే ఏర్పడే అవకాశం బాగా ఉంది. రాణి గాలిలో మగచీమతో కలిసినప్పుడు అందుకొన్న బీజకణాలను పొట్టలోని శుక్రకోశమనే సంచిలో దాచుకొని, జీవితమంతా వాటితోనే గుడ్లను ఫలదీకరిస్తుంది. ఫలదీకరణ జరగని గుడ్ల నుంచి మగచీమలు మాత్రమే పుడతాయి కనుక, జతకట్టని రాణితో పుట్ట నిలవదు. ఇక ఎగరవలసిన పని లేనందున రెక్కల కండరాలు కరిగిపోగా, ఆ పోషకాలతోనే అది తొలి లార్వాలను, అంటే కాళ్లులేని పిల్లపురుగులను, సాకుతుంది. అందువల్ల మొదటి కూలిచీమలు వెలువడేదాకా దానికి మేత అవసరం లేదు.

పరీక్షనాళికలో మూడోవంతు నీరు పోసి, తడి అంటేలా దూదిని బిగించి, రాణిని వదిలాక మూతిని పొడి దూదితో మూసి, చీకటి అలమరలో ఉంచాలి. పెంపకంలో పెద్ద శత్రువు పెంచేవారి ఆత్రమే. పదేపదే వెలుతురులోకి తీస్తే కలవరపడిన రాణి తన గుడ్లను తానే తినివేస్తుంది. నాచారం పారిశ్రామికవాడ పక్కన లారీల రాకపోకలకు అదిరే ఇళ్లలో నాళిక కింద మందపాటి స్పాంజి వేయడం అవసరం.

కొన్ని వారాలకు వెలువడే తొలి కూలిచీమలు సాధారణం కన్నా చిన్నవిగా ఉంటాయి. వాటికి పంచదార నీటి చుక్క, పురుగుమందు సోకని ఈగ ముక్క చాలు. ఐరోపా నల్ల తోటచీమ రాణి ఒకటి బందీగా 28 ఏళ్లకు పైగా బతికింది కాబట్టి, ఈ బాధ్యత ఒక్క వానాకాలంతో తీరేది కాదు.