నడుం నొప్పికి రక్తనాళం పరీక్ష ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. చాలాకాలంగా షుగర్ ఉంది, చుట్ట అలవాటూ ఉంది. రెండు నెలల కిందట జ్వరం, విరేచనాలు వచ్చి తగ్గాయి. ఇప్పుడు నెల రోజులుగా నడుం నొప్పి, సాయంత్రమయ్యేసరికి జ్వరం. ఎం.ఆర్.ఐ. తీసి వెన్నుపూసల మధ్య డిస్కులో ఇన్ఫెక్షన్ ఉందన్నారు. పొట్టకు సీటీ యాంజియో కూడా చేయించమంటున్నారు. అవసరమా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చాలా అవసరం, ఆలస్యం చేయకూడదు. గుండె నుంచి బయల్దేరిన బృహద్ధమని పొట్టలో వెన్నుపూసలను ఆనుకునే కిందికి దిగి, నాలుగో నడుం పూస దగ్గర రెండుగా చీలుతుంది. పూసలో చీము పడితే ధమనికి, ధమని గోడ చెడితే పూసకు సోకవచ్చు.

ఆ విరేచనాల సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. పేగుల్లోంచి రక్తంలోకి చేరిన సాల్మొనెల్లా, కొవ్వు పేరుకుని గరుకుబారిన ధమని గోడను సులువుగా పట్టుకుంటుంది. వయసు, షుగర్, పొగ మూడూ ఆ గోడను ముందే దెబ్బతీసి ఉంచుతాయి. పుండ్ల నుంచి, డయాలసిస్ గొట్టాల నుంచి రక్తంలోకి వెళ్లే స్టెఫైలోకాకస్ ఆరియస్ కూడా ఇంతే ప్రమాదకరం. సోకిన చోట గోడ పలచబడి ఉబ్బుతుంది. గుండె కవాటాల ఇన్ఫెక్షన్ వల్ల ఏర్పడే ఇలాంటి ఉబ్బులను విలియం ఆస్లర్ అనే వైద్యుడు 1885లోనే వర్ణించాడు. మామూలు ఉబ్బయితే కొలత చూసి కొన్నేళ్లు ఆగవచ్చు. ఇది చిన్నదైనా రోజుల్లోనే పగిలిపోవచ్చు.

వెన్ను ఇన్ఫెక్షన్ అనగానే మన దగ్గర టీబీ మందులు మొదలుపెట్టేస్తుంటారు. టీబీ ఎక్కువే, నిజమే. కానీ టీబీ సాధారణంగా డిస్కును చివరిదాకా వదిలేస్తుంది, చీము పుట్టించే బ్యాక్టీరియా తొందరగా తినేస్తుంది. పచ్చిపాలు తాగేవారిలో, పశువుల మధ్య పనిచేసేవారిలో బ్రూసెల్లానూ అనుమానించాలి. దేనికి వాడే మందు దానిదే. అందుకే పరిస్థితి విషమించకపోతే, యాంటీబయోటిక్ మొదటి డోసుకు ముందే బ్లడ్ కల్చర్‌కు రక్తం తీయించాలి. మందు పడ్డాక తీస్తే క్రిమి దొరకకపోవచ్చు. కల్చర్‌లో ఏమీ రాకపోతే సూదితో డిస్కు ముక్క తీసి పరీక్షిస్తారు.

వెన్ను వరకే అయితే చాలామందికి 6 వారాల యాంటీబయోటిక్ సరిపోతుంది. టీబీ అయితే ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. ధమనికి సోకితే మాత్రం మందులొక్కటే సాధారణంగా చాలవు. చెడిన భాగం తీసి గ్రాఫ్టు వేయడమో, లోపలి నుంచి స్టెంటు గ్రాఫ్టు అమర్చడమో చేసి, ఆ తర్వాత చాలాకాలం యాంటీబయోటిక్స్ కొనసాగిస్తారు.

నొప్పి మొదలై ఇప్పటికే నెల గడిచింది. సీటీ అయ్యేలోపు పొట్టలోగానీ నడుంలోగానీ ఒక్కసారిగా భరించలేని నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడినా, కాళ్లు పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా వెంటనే రక్తనాళాల సర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి.