రేడియేటర్ లీకు – కనిపెట్టడం, బాగుచేయడం, తక్కువ ఖర్చులో సామాను కొనడం



మన హాస్టళ్ళలో చదువుకుని ఆఫీసు ఉద్యోగాలకు వెళ్ళినవారితో పాటు స్టీరింగు పట్టుకుని బతుకుతున్నవారు కూడా ఉన్నారు. పోర్టుకు, స్టీల్ ప్లాంటుకు మనుషుల్ని చేరవేసే కార్లు, అరకు వెళ్ళే టూరిస్టు టాక్సీలు వారి జీవనాధారం. కార్పొరేషన్ లోనుతోనో, ఫైనాన్సు మీదో కొన్న బండి అది. ఇంజను పట్టేస్తే ఆ నెల వాయిదా ఆగిపోతుంది, ఇంట్లో పిల్లల ఫీజు ఆగిపోతుంది. ఇంజను పట్టేయడానికి చాలాసార్లు కారణం రేడియేటర్ నుంచి చుక్క చుక్కగా కారిపోయిన నీరే. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఒక్కటే. ముందు లీకు ఎక్కడో కనిపెట్టాలి, ఆ తర్వాతే జేబులో చెయ్యి పెట్టాలి.

రేడియేటర్ ఏం చేస్తుంది?

ఇంజనులో ఇంధనం మండినప్పుడు పుట్టే వేడిలో సుమారు మూడో వంతు చక్రాలు తిప్పడానికి ఉపయోగపడదు, ఇంజను లోహంలోకి పోతుంది. ఆ వేడిని నీరు మోసుకొచ్చి రేడియేటర్‌లో వదులుతుంది. సన్నని గొట్టాలు, వాటి మధ్య పల్చని రేకులు ఉన్న భాగాన్ని కోర్ అంటారు. ఎదురుగాలి, ఫ్యాను గాలి కోర్ గుండా పోయి వేడిని తీసుకుపోతాయి. మొదటి కార్లలో నీరు ఆవిరైపోతుంటే దారిపొడవునా పోసుకుంటూ వెళ్ళేవారు. జర్మనీ ఇంజనీరు విల్‌హెల్మ్ మేబాక్ 1900–01లో మెర్సిడెస్ కారుకు తేనెపట్టులాంటి రేడియేటర్ అమర్చాడు. అందులో 8,070 చిన్న గొట్టాలు ఉండేవి. నేటి రేడియేటర్ పనిచేసే సూత్రం కూడా అదే.

రేడియేటర్ మూత మామూలు మూత కాదు. మన ఇంట్లో ప్రెషర్ కుక్కర్ మీద వెయిట్ ఎలాంటిదో ఇదీ అలాంటిదే. మామూలుగా నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. మూత మీద 0.9 అని ఉంటే, లోపల అంత ఒత్తిడి నిలిచినంతకాలం నీరు దాదాపు 118 డిగ్రీల వరకు మరగదు. చిన్న లీకు వల్ల రెండు నష్టాలు. నీరు తగ్గుతుంది, ఒత్తిడి కూడా పోతుంది. ఒత్తిడి పోతే మిగిలిన నీరు తొందరగా మరిగిపోతుంది. ఊళ్ళో బాగానే తిరిగిన బండి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు పొగలు కక్కడానికి కారణం ఇదే. అక్కడ ఇంజను మీద బరువు ఎక్కువ, బండి వేగం తక్కువ, తగిలే గాలి తక్కువ.

లీకు ఎక్కడ?

ఇంజను వేడిగా ఉన్నప్పుడు మూత తీయకూడదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి. లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. పూర్తిగా చల్లారేదాకా ఆగాలి. తాళం తీసేయాలి, లేకపోతే ఎలక్ట్రిక్ ఫ్యాను ఉన్నట్టుండి తిరిగి వేళ్ళు తెగవచ్చు. తర్వాత ఈ వరుసలో చూడండి.

1. రాత్రి బండి కింద పాత న్యూస్ పేపర్లు పరచండి. పొద్దున ఏ చోట తడిసిందో, దాని పైన ఏ భాగం ఉందో చూడండి. ఏసీ నుంచి కారేది రంగు, వాసన లేని మంచినీరు. అది లీకు కాదు. కూలెంట్ అయితే పచ్చగానో, ఎర్రగానో, జిగటగానో ఉంటుంది.

2. పై హోస్ పైపు, కింది హోస్ పైపు, వాటి క్లిప్పులు చూడండి. చల్లగా ఉన్నప్పుడు పైపును వేళ్ళతో నొక్కండి. పగుళ్ళు కనిపించినా, మెత్తగా ఉబ్బినా అది అయిపోయినట్టే.

3. మూతలో రబ్బరు వాషరు చీలిందేమో, స్ప్రింగు తుప్పు పట్టిందేమో చూడండి.

4. కోర్ మీద, ప్లాస్టిక్ ట్యాంకు కోర్‌తో కలిసే అంచు మీద తెల్లటి, పచ్చటి పొర్లు కట్టిన గుర్తులు వెతకండి. ఆరిపోయిన లీకు జాడ అది.

5. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ తడి కనిపిస్తే పంపు సీలు పోయింది, రేడియేటర్‌ది తప్పు కాదు.

6. బయట ఎక్కడా తడి లేకుండా నీరు తగ్గుతుంటే ఇంజను ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పాల కాఫీ రంగులో ఉన్నా, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తున్నా హెడ్ గ్యాస్కెట్ అనుమానించాలి. అప్పుడు బండి నడపవద్దు.

ఇంకా తెలియకపోతే షెడ్డులో ప్రెషర్ టెస్ట్ చేయించండి. మూత స్థానంలో చేతిపంపు బిగించి, మూత మీద రాసి ఉన్నంత ఒత్తిడి ఎక్కించి పది, పదిహేను నిమిషాలు చూస్తారు. ముల్లు పడిపోతే లీకు ఉన్నట్టు. విప్పిన రేడియేటర్‌ను నీళ్ళ తొట్టిలో ముంచి గాలి కొడితే బుడగలు వస్తాయి. సైకిలు ట్యూబు పంక్చరు వెతకడం తెలిసినవారికి ఇది కొత్త కాదు.

రిపేరు చేయాలా, కొత్తది వేయాలా?

క్లిప్పు, మూత, హోస్ పైపు అయితే అవే మార్చాలి. వీటి కోసం రేడియేటర్ మార్చమంటే ఒప్పుకోవద్దు. కొత్త మూత మీద పాత మూత మీద ఉన్న అంకే ఉండాలి.

అంబాసిడర్, పాత జీపుల రేడియేటర్లు రాగి, ఇత్తడివి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది కానీ అలాంటి రేడియేటర్లు ఇంకా అక్కడక్కడ కనిపిస్తాయి. ఇత్తడి బిందెకు మాటు వేసినట్టు వీటికి సోల్డరింగ్ చేయవచ్చు. ట్యాంకు విప్పి గొట్టాల్లో పేరుకున్న మడ్డి కూడా కడ్డీతో తీయించవచ్చు.

ఇప్పటి కార్లవి అల్యూమినియం కోర్, ప్లాస్టిక్ ట్యాంకు. అల్యూమినియం మీద ఎప్పుడూ ఒక ఆక్సైడ్ పొర ఉంటుంది కాబట్టి మామూలు సోల్డరింగ్ అంటుకోదు. ప్లాస్టిక్ ట్యాంకు పగిలితే, ఆ మోడల్‌కు విడి ట్యాంకు, రబ్బరు సీలు దొరికితే మార్చవచ్చు. కోర్ పలుచోట్ల కారుతుంటే కొత్తది వేయడమే మేలు. సముద్రపు ఉప్పుగాలికి రేకులు పొడి పొడిగా రాలుతున్నా అంతే. ఎం-సీల్ లాంటి అంటులు షెడ్డు దాకా చేర్చడానికే. కొందరు పసుపు పొడి, లీక్ స్టాప్ పొడులు పోస్తారు. అవి రంధ్రంతో పాటు మంచి గొట్టాలను కూడా మూసేయగలవు.

మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకని పీకేసే అలవాటు ఒకటుంది. అది సరికాదు. ఇంజను తగినంత వేడెక్కకపోతే ఇంధనం ఎక్కువ తాగుతుంది, తొందరగా అరుగుతుంది.

సామాను కొనేటప్పుడు

గాజువాక ఆటోనగర్‌లో అయినా, విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో అయినా బేరం మాటలతోనే కుదరదు, వివరాలతో కుదురుతుంది.

* బండి సంవత్సరం, పెట్రోలా డీజిలా, ఏసీ ఉందా, ఛాసిస్ నంబరు కాగితం మీద రాసుకోండి. పాత రేడియేటర్ చేతిలో ఉంటే ఇంకా మంచిది. కోర్ పొడవు, ఎత్తు, మందం, పైపుల స్థానం పోల్చండి.

* మూడు షాపుల్లో ధర అడగండి. కంపెనీ ప్యాకింగ్, బాంకో వంటి రేడియేటర్ తయారీదారుల సొంత ప్యాకింగ్, లోకల్ మాల్ వేరువేరుగా చెప్పమనండి. సామాను ధర, కూలి, కూలెంట్ కలిపి ఒకే అంకె చెబితే విడగొట్టి రాయించండి.

* పెట్టె మీద గరిష్ఠ చిల్లర ధర, తయారీదారు పేరు, నెల, సంవత్సరం చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతం. అంతకుముందు రేడియేటర్ మీద 28 శాతం ఉండేది. పాత ధర అచ్చైన పెట్టె అయితే ఆ తగ్గింపు ఇమ్మని అడగండి.

* సెకండ్ హ్యాండ్ కొంటే ప్రెషర్ టెస్ట్ చేశాకే డబ్బు ఇవ్వండి, రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వని చోట దొంగ సామాను ఉండవచ్చు. అది మన మెడకు చుట్టుకుంటుంది.

* పాత రేడియేటర్‌ను షెడ్డులో వదిలేయకండి. రాగికి, అల్యూమినియానికి తూకం ధర ఉంది. ఆ డబ్బు మీదే.

* బిల్లు, గ్యారంటీ రాతపూర్వకంగా తీసుకోండి. మోసం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

బిగించిన తర్వాత

బోరు నీళ్ళు పోయవద్దు. అందులోని లవణాలు టీ గిన్నెకు పట్టినట్టు గొట్టాలకు పడతాయి. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోయండి. రెడీమిక్స్ కూలెంట్ అయితే నీళ్ళు కలపనక్కర్లేదు. మన ఊళ్ళో మంచు కురవదు కదా కూలెంట్ ఎందుకని అడుగుతారు. అది తుప్పును ఆపుతుంది, మరిగే స్థాయిని పెంచుతుంది. చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. పిల్లలకు, కుక్కలకు అందకుండా ఉంచాలి, కాలువలో పారబోయకూడదు.

ఇంజను ఆన్ చేసి, గాలి బుడగలు పోయేదాకా చూసి, మూత బిగించండి. పై పైపు వేడెక్కాలి, తర్వాత ఫ్యాను తిరగాలి. మర్నాడు ఇంజను చల్లగా ఉన్నప్పుడు మట్టం మళ్ళీ చూడండి. దారిలో ముల్లు ఎరుపుకు చేరితే ఏసీ ఆపి, పక్కకు తీసి ఇంజను ఆపండి. కాలుతున్న ఇంజనులో చన్నీళ్ళు పోస్తే హెడ్ పగలవచ్చు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఇందులో ఉన్నదంతా మీ తొమ్మిది, పది తరగతుల భౌతిక, రసాయన శాస్త్రమే. పీడనం, మరిగే స్థానం, లోహాల క్షయం అని పరీక్షల కోసం చదివినవే బండి కింద కూడా ఉన్నాయి. కంచరపాలెం ఐటీఐలో చేరేవారికైనా, ఇంజనీరింగు చదివేవారికైనా ఇది అక్కరకొస్తుంది. బండి నడిపే అన్న, నాన్న ఇంట్లో ఉంటే సెలవులకు వెళ్ళినప్పుడు ఈ పుట చదివి వినిపించండి. పొద్దున్నే బోనెట్ ఎత్తి నీటి మట్టం చూడడానికి పట్టేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలే ఒక ఇంటి వాయిదాను నిలబెడతాయి.