క్రిప్టో అప్పు మరమగ్గం దాకా వస్తుందా?

నేపథ్యం
పుత్తూరు, నగరి ప్రాంతంలో మరమగ్గం నడిపేవారికి నూలు కొనడానికి పెట్టుబడి కావాలి. తాకట్టు లేనిదే బ్యాంకు సాధారణంగా కదలదు. వడ్డీ వ్యాపారి వెంటనే ఇస్తాడు గానీ ఆ వడ్డీ మోయడం కష్టం. ఇలాంటి చిన్న వ్యాపారాలకు బ్యాంకు లేకుండానే అప్పు పుట్టిస్తామన్నది వికేంద్రీకృత క్రిప్టో రుణాల (డీఫై) వాదన.

ఎలా పనిచేస్తుంది?
మామూలు డీఫైలో అప్పు కంటే ఎక్కువ విలువైన క్రిప్టోను తాకట్టు పెట్టాలి. ధర పడితే స్మార్ట్ కాంట్రాక్ట్ అనే ప్రోగ్రామ్ ఆ తాకట్టును దానంతట అదే అమ్మేస్తుంది. అంత క్రిప్టో చేతిలో ఉన్నవారికి నూలు అప్పెందుకు?

అందుకే సెంట్రిఫ్యూజ్ అనే డీఫై వేదిక (2017) ఇన్‌వాయిస్‌ల వంటి ఆస్తులను టోకెన్లుగా మార్చే దారి పట్టింది. గోల్డ్‌ఫించ్ అనే మరో వేదిక (2020) అసలు క్రిప్టో తాకట్టే వద్దంది. మదుపరులు డాలరు విలువకు కట్టిన యూఎస్‌డీసీ అనే స్టేబుల్‌కాయిన్ జమ చేస్తారు. వర్ధమాన దేశాల రుణ సంస్థలు దాన్ని స్థానిక కరెన్సీలోకి మార్చి చిన్నవారికి అప్పులిస్తాయి. కీలకం ఇక్కడే ఉంది: వికేంద్రీకరణ మదుపరి వైపే. వసూలుకు వచ్చేది ఎప్పటిలాగే ఫైనాన్స్ కంపెనీ మనిషి.

ఎక్కడ బెడిసింది?
2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజీ కూలింది. మరుసటి నెల మేపుల్ అనే డీఫై రుణ వేదికపై అప్పు తీసుకున్న ఆర్థోగనల్ ట్రేడింగ్ సంస్థ సుమారు 3.6 కోట్ల డాలర్లు కట్టలేక చేతులెత్తేసింది. 2023లో కెన్యాలోని ఒక మోటార్‌సైకిల్ రుణ సంస్థకు గోల్డ్‌ఫించ్ ద్వారా వెళ్లిన 50 లక్షల డాలర్లూ ఇరుకున పడ్డాయి. ఆ డబ్బులో కొంత ఉగాండాలోని అనుబంధ సంస్థకు మళ్లింది. లావాదేవీ బ్లాక్‌చెయిన్‌పై కనిపిస్తుంది. డబ్బు బ్యాంకు ఖాతాలోకి దిగాక ఏమైందో కనిపించదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఈ అనుభవం ముందే ఉంది. ఎక్కడివారో పెట్టిన డబ్బు, గుమ్మం ముందు వసూలు సిబ్బంది: 2010 సూక్ష్మరుణ సంక్షోభం అదే. ఆ అక్టోబరులో సూక్ష్మరుణ సంస్థలను కట్టడి చేసే ఆర్డినెన్స్ వచ్చింది, వసూళ్లు కుప్పకూలాయి. తర్వాత మాలెగాం కమిటీ సిఫార్సులతో ఆర్‌బీఐ 2011లో సూక్ష్మరుణ సంస్థల కోసం ఎన్‌బీఎఫ్‌సీ-ఎంఎఫ్‌ఐ అనే వర్గాన్ని తెచ్చింది.

భారత్‌లో స్థితి
‘క్రిప్టో నిషేధం’ అనడం తప్పు. క్రిప్టో వ్యాపారానికి బ్యాంకు సేవలు ఆపమన్న 2018 ఏప్రిల్ నాటి ఆర్‌బీఐ సర్క్యులర్‌ను సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టేసింది. అలాగని క్రిప్టో చట్టబద్ధ చెల్లింపు ద్రవ్యమూ కాదు. 2022 ఏప్రిల్ నుంచి లాభాలపై 30 శాతం పన్ను, జులై నుంచి బదిలీలపై 1 శాతం టీడీఎస్ ఉన్నాయి. 2023 మార్చిలో క్రిప్టో సేవల సంస్థలు మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి. విదేశీ అప్పు తేవాలంటే విదేశీ మారక చట్టం (ఫెమా) నిబంధనలు తప్పవు.

డీఫైని 2017లో ఆర్‌బీఐ నియంత్రణలోకి తెచ్చిన పీటూపీ (వ్యక్తుల మధ్య) రుణ వేదికలతో కలిపేయకండి. అక్కడ లావాదేవీ రూపాయల్లోనే. ఒకరు ఒక రుణగ్రహీతకు ఇవ్వగలిగేది గరిష్ఠంగా 50,000 రూపాయలు, కాలపరిమితి 36 నెలలు.