తూకము సమానమైన చక్కెరలను వేరుచేయుట



సుద్దముక్క అడుగునకు కొంచెము పైగా నల్లసిరాచుక్క నుంచి, దానిని నీటిలో నిలువబెట్టుడు. నీరు పైకి ప్రాకినకొలది సిరాలోని రంగులు విడిపోవును. సుద్దను గట్టిగా పట్టుకొను రంగు వెనుకబడును. నీటివెంట తేలికగా పోవునది ముందుకు సాగును. రష్యా వృక్షశాస్త్రజ్ఞుడైన మిఖయిల్ త్స్వెత్ ఆకులలోని రంగులను సుద్దపొడి నింపిన గాజుగొట్టములో నిట్లే వేరుచేసి, 1906లో ఆ పద్ధతికి క్రొమటోగ్రఫీ యని పేరు పెట్టెను.

ఇట్టి పాఠములకు తెలుగుమాటలు చాలవని కొందరు పెద్దలు మాతో ననుచుందురు. గొట్టము, పొడి, తడి, పట్టు - వీనితో ఎంతదూరము పోగలమో చూతము.

తల్లిపాలలో లాక్టోజుగాక 150కి పైగా సంక్లిష్టమైన చక్కెరలు కలవు. శిశువు వానిని జీర్ణించుకొనజాలదు. అవి పెద్దప్రేగునకు చేరి, అచ్చటి మేలుచేయు సూక్ష్మజీవులకు ఆహారమగును. అందు లాక్టో-ఎన్-టెట్రేయోజు ఒకటి. నాలుగు చిన్న చక్కెరలు కూడి యిది ఏర్పడును: మూడింటి అణుభారము 180 చొప్పున, నాల్గవదానిది 221, మొత్తము 761. మూడు అతుకులయొద్ద మూడు నీటియణువులు, అనగా 54, పోగా 707 మిగులును. లాక్టో-ఎన్-నియోటెట్రేయోజు అణుభారమును 707 యే! రెంటికిని భేదము ఒక్క అతుకున మాత్రమే. మొదటిదానిలో అది మూడవ కర్బనము వద్ద, రెండవదానిలో నాల్గవదాని వద్ద నుండును. అణువులను తూచు ద్రవ్యరాశి వర్ణపటమాపని ఎంత సున్నితమైనదైనను, తూకముచే మాత్రము వీనిని వేరుపరుపజాలదు. నేడు కొన్ని డబ్బాపాలలో ఈ రెండవ చక్కెరను కలుపుచున్నారు గావున, ఏది కలిసినదో తెలిసియే తీరవలెను.

కావున ముందు గొట్టము, పిదప తూకము. సన్నని ఉక్కుగొట్టములో సూక్ష్మరంధ్రములుగల గ్రాఫైటు కర్బనపుపొడిని దట్టించి, చక్కెరల ద్రావణమును అధికపీడనముతో పంపుదురు. మొదట నీరు మెండు. క్రమముగా అసిటోనైట్రైలు అను ద్రవమును పెంచుదురు. ఆకారమునుబట్టి పొడి ఒక్కొక్క చక్కెరను ఒక్కొక్క కాలము పట్టియుంచును.

ఇచ్చట నొక చిక్కు గలదు. చక్కెర చివరి వలయము నీటిలో విచ్చుకొని మూసికొనుచు రెండు రూపులు దాల్చును. కర్బనపుపొడి వానినిగూడ వేరుచేయుటచే, ఒకే చక్కెర రెండుగా కనబడి మోసపుచ్చును! అందుచే ముందుగానే సోడియం బోరోహైడ్రైడుతో ఆ చివరను తెరచియుంచుదురు. అప్పుడు అణుభారము 2 పెరిగి 709 అగును, లెక్కలో మరువరాదు.

గొట్టమునుండి వెలువడు ద్రవము ఆవిరియై పోవలెను. ఆవిరికాని లవణములు యంత్రము ముఖద్వారమున పేరుకొనును గనుక, అమ్మోనియం ఫార్మేటు వంటి ఎగిరిపోవు లవణములనే వాడుదురు.